ఎస్ అంటే సెకండ్ హ్యాండ్

భిక్షపతి మామ దగ్గర మనుషులకు వయసు ఉండదు, మోడల్ ఉంటుంది.

వాళ్ళమ్మ బుచ్చవ్వ నలభై మూడు మోడల్. ఆయన అరవై ఏడు. భార్య సూర్యప్రభత్తను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "గీమె డెబ్బై ఒకటి మోడల్. ఇంజన్ ఇంకా మంచి కండిషన్‌ల ఉన్నది" అంటాడు. అత్త ఊరుకునే మనిషి కాదు. "నీదే సైలెన్సర్ ఊడిపోయింది, ఎప్పుడు జూసినా లొల్లే" అంటుంది.

నేను రెండు వేల రెండు మోడల్. స్కూల్ రిజిస్టర్లో నా పేరు గౌతమ్. ఒకటో తరగతిలో ఆయన వ్యాన్ ఎక్కిన మొదటి రోజు, ఉన్న పదకొండు మందిలో నేనే పొట్టివాణ్ణని "చంటీ, నువ్వు ముందలికి రా, నా పక్కన కూసో" అన్నాడు. ఆ రోజు నుంచి ఎల్బీనగర్‌లో మా ఇంటి చుట్టుపక్కల అందరికీ నేను చంటినే. మా అమ్మ కూడా గౌతమ్ అని పిలవడం మర్చిపోయింది.

ఇరవై ఏడేళ్ళు స్కూల్ వ్యాన్ తోలాడు మామ. మన్సూరాబాద్‌లో మొదలుపెట్టి, ఎల్బీనగర్ చుట్టి, చైతన్యపురి సందుల్లో హాస్టళ్ళ మధ్య ఇరుక్కుని బయటపడి, స్కూలు గేటు దగ్గర మమ్మల్ని బస్తా దులిపినట్టు దింపేవాడు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు నేను ఒకరోజు హారన్ తీగ పీకి వెనక తలుపుకి కలిపాను. తలుపు ఎవరు తీసినా హారన్ మోగుతుంది. ఆ సాయంత్రం ప్రతి స్టాపు దగ్గరా బారాత్ వచ్చినట్టు జనం బయటికొచ్చి చూశారు. మామ నన్ను కొట్టలేదు. ఆఖరి స్టాపులో బండి పక్కకు ఆపి, "దేన్ని దేనికి కలిపినవ్‌రా? చూపియ్యి" అన్నాడు. చూపించాను. "మంచిగ కలిపినవ్. ఇప్పుడు మళ్ళ ఎట్లుండెనో గట్ల పెట్టు" అన్నాడు. కొత్తపేటలో ఇవాళ బ్యాటరీ స్కూటర్లు బాగు చేసి బతుకుతున్నానంటే, నాకు ఏ కాలేజీ నేర్పలేదు. ఆ హారన్‌తో మొదలైంది.

ఇన్నేళ్ళలో ఆయన నడిపిన వ్యాన్లు మూడు. మూడూ సెకండ్ హ్యాండే. మొదటి రెండూ ఏదో ఒకలా గడిచాయి. మూడోదాన్ని రెండు వేల ఆరు మోడల్ అని ఒక బ్రోకర్ అంటగట్టాడు. ఏడాది తిరిగాక ఆర్టీవో ఆఫీసుకి ఫిట్‌నెస్ చేయించడానికి పోతే, అక్కడ ఎవరో గుడ్డతో రుద్ది చూశారు. ఛాసిస్ నంబర్ అరగదీసి మళ్ళీ కొట్టారట. బండి చెప్పినదానికంటే మూడేళ్ళు పెద్దది. లైన్లో నిలబడ్డ ఒకడు "చదువు రాకుంటే బండ్లు ఎందుకు కొంటరయ్యా?" అన్నాడు. లైనంతా నవ్వింది. ఈ సంగతి మామ నాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

అందుకే వ్యాన్ మానేశాక ఆయనకు ఒకే ఒక కోరిక మిగిలింది. "నా కంటె ముందు ఎవ్వడు కూసోని బండి ఒకటి కొనాలెరా. పసుపు ప్లేటు గాదు, ఇంటి బండి. గా పచ్చ ప్లేటు కరెంటు బండి."

మొన్న నవంబర్‌లో దిల్‌సుఖ్‌నగర్ కార్ల షోరూంకి నన్ను తోడు తీసుకుపోయాడు. అక్కడ ప్రణతి అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

"ఏ మోడల్ కావాలి సార్?"

"ఇరవై ఆరు."

"కాదు సార్, మోడల్ అంటే... చిన్న బ్యాటరీదా, పెద్ద బ్యాటరీదా?"

"బ్యాటరీ ఏదైతే ఏంది బిడ్డా? మోడల్ మాత్రం ఇరవై ఆరు గావాలె."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక మాత్రం దాచకుండా చెప్పింది. ఇప్పుడు బుక్ చేస్తే డిసెంబర్‌లో తయారైన బండి వస్తుంది, కాగితాల మీద ఇరవై ఐదు అనే ఉంటుంది, ఇరవై ఆరు అని ఉండాలంటే ఫిబ్రవరి దాకా ఆగాలి. మామ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు చంటీ. ఆగాల్నా?"

ఆ రోజు నేను బుద్ధిగానే చెప్పాను. బండి అదే, బ్యాటరీ అదే. డిసెంబర్ ముప్పై ఒకటిన తయారైనా, జనవరి ఒకటిన తయారైనా లోపల తేడా ఏమీ ఉండదు. వారంటీ మనం తీసుకున్న రోజు నుంచి లెక్క. మళ్ళీ అమ్మేటప్పుడు సంవత్సరం అడుగుతారు నిజమే, కానీ మీరు అమ్మరు కదా. చూడాల్సింది బండి ఎన్ని నెలలు చార్జింగ్ లేకుండా యార్డులో పడి ఉందో. ఇంకోటి కూడా చెప్పాను. ఛాసిస్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడు ఉంటాయి మామా, అందులో పదో అక్షరమే సంవత్సరం చెబుతుంది, బండి వచ్చాక మీరే చూసుకోండి అని.

మామ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "సరే, ఇరవై ఐదే కానీ. అమ్మ ఫిబ్రవరి దాక ఆగుతదో ఆగదో" అన్నాడు. ఇరవై ఆరు అనే మాటని ఆయన అక్కడే వదిలేశాడు. అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను తర్వాతి పని.

జనవరిలో ఒక గురువారం. నాదర్‌గుల్ దిక్కున్న షోరూం వాళ్ళ యార్డుకి బండి చూసుకోవడానికి మామ ఒక్కడే పోయాడు. అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. పైన ట్రైనింగ్ విమానం తిరుగుతున్నట్టుంది, చప్పుడు. నేను షాపులో ఒక స్కూటర్ విప్పుకుని కూర్చున్నాను. పక్క షాపువాడు టీ తాగుతూ నా ఎదురుగా ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"చంటీ, అరచేతిల రాసుకున్న. సదువుతున్న, విను." ఒక్కో అక్షరం, ఒక్కో అంకె, బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చదివాడు. నంబర్ ప్లేట్లు చూసి చూసి నేర్చుకున్న ఇంగ్లీషు అది. "పదోది ఎస్. ఎస్ అంటే ఏందిరా?"

ఎస్ అంటే ఇరవై ఐదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఎదురుగా టీ తాగేవాడున్నాడు. వాణ్ణి నవ్వించాలనిపించింది.

"ఎస్ అంటే సెకండ్ హ్యాండ్ మామా! ఆర్ వస్తే రిటర్న్, టీ వస్తే టెస్ట్ డ్రైవ్!"

పక్క షాపువాడికి టీ పొలమారింది. మేమిద్దరం నవ్వుతుండగానే లైన్ కట్ అయింది. మామ కూడా నవ్వుకుని పెట్టేశాడనుకున్నాను. మళ్ళీ చేద్దామనుకున్నాను, స్కూటర్ వాడొచ్చాడు, మర్చిపోయాను. ఇది సాకు అని నాకు తెలుసు.

మర్నాడు శుక్రవారం పదకొండింటికి డెలివరీ. నేను ఇరవై నిమిషాలు లేటుగా పోయాను. అద్దాల తలుపు బయటికే మామ గొంతు వినిపిస్తోంది.

"ఎవ్వడో నాల్గు దినాలు తోలి వాపసిచ్చిన బండి నాకు అంటగడ్తరా? నా కండ్లతోని చూసిన. ఎస్ అని రాసున్నది!"

లోపల ఎర్ర గుడ్డ కప్పిన బండి, దాని మీద రిబ్బన్. సూర్యప్రభత్త పట్టుచీరలో, చేతిలో పూలదండతో గోడకానుకుని నిలబడింది. బుచ్చవ్వ కుర్చీలో కూర్చుని, పళ్ళెంలో నిమ్మకాయలు జారిపోకుండా పట్టుకుంది. నన్ను చూడగానే అత్త గబగబా వచ్చింది. "రాత్రి సంది అన్నం ముట్టలేదురా. ఏమైందంటే చెప్తలేడు."

ప్రణతి ట్యాబ్ గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. "సార్, ఎస్ అంటే ఇరవై ఐదు సార్. మీకు బుకింగప్పుడే చెప్పిన కద సార్."

"నువ్వు నోరు మూసుకో! దొంగ మాటలు. బిడ్డా బిడ్డా అని నమ్మిన నిన్ను."

మేనేజర్ ఆ అమ్మాయిని వెనక్కి జరగమన్నాడు. అందరికీ వినపడేలాగే, "కస్టమర్‌కి సరిగ్గా చెప్పడం రాదా నీకు? తర్వాత మాట్లాడదాం" అన్నాడు. మామ వైపు తిరిగి, "సార్, ఎస్ అంటే సెకండ్ హ్యాండ్ అని మీకెవరు చెప్పారు సార్?" అని అడిగాడు.

మామ నన్ను చూశాడు. ఆ మొహంలోకి ధైర్యం వచ్చింది. అదే నేను మర్చిపోలేకపోతున్నది.

"గదో, మా చంటి ఒచ్చిండు. ఆణ్ణి అడుగుండ్రి. నా వ్యాన్ల పెరిగిన పోరడు. లంగ పనులు మస్తు చేస్తడు గని, నాకు అబద్ధం చెప్పడు."

షోరూంలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. అప్పుడు చెప్పేసి ఉంటే ఒక్క తప్పుతో పోయేది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"అదేంటంటే సార్... ఫోన్‌లో సరిగ్గా వినపడలేదండీ. మామ వేరే అక్షరం చదివారనుకుంటా. నేనింకేదో చెప్పాను."

మామ తన అరచెయ్యి చూసుకున్నాడు. అక్కడ ఇంకా నీలం ఇంకు మిగిలి ఉంది. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"గంతే అయి ఉంటది సార్" అన్నాడు మేనేజర్‌తో. "నాకు ఇంగ్లీష్ సక్కగ రాదు. తప్పు సదివిన." తర్వాత ప్రణతి ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ చెయ్యి బిడ్డా. చదువు రానోణ్ణి."

వెనక సోఫాలో ఎవరో చిన్నగా నవ్వారు. ఒకప్పుడు ఆ లైన్లో నవ్విన నవ్వు ఇలాగే ఉండి ఉంటుంది.

ఆ అమ్మాయి "పర్లేదు సార్" అంది. గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగమన్నారు. ఫొటోలో మామ కళ్ళు నేలమీదున్నాయి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలాక బుచ్చవ్వ అడిగింది, "ఇంక స్టార్ట్ కాలేదారా?" అని. ఇంకో రోజైతే మామ దానికి వారం రోజులు నవ్వేవాడు.

నేను వెనక సీట్లో బుచ్చవ్వ పక్కన కూర్చున్నాను. చైతన్యపురి మెట్రో స్టేషన్ దాటాక మామే అందుకున్నాడు.

"చంటీ. రేపటి సంది పొద్దుగూకినంక జెర మా ఇంటికి రారా. నాకు ఏబీసీడీలు మంచిగ నేర్పు. గా పిల్లను దొంగ అన్న. నాకు సదవరాక."

పెట్రోల్ బండైతే ఇంజన్ చప్పుడైనా అడ్డముండేది. ఆ బండిలో నా గుటక కూడా వినపడుతోంది.

"మామా, మీరు సరిగ్గానే చదివారు. నాకు ఎస్ అనే వినపడింది. ఎస్ అంటే ఇరవై ఐదని నాకు తెలుసు. పక్కనున్నవాణ్ణి నవ్వించడానికి అలా అన్నాను. ఇందాక షోరూంలో కూడా అబద్ధమే చెప్పాను."

అత్త వెనక్కి తిరిగి నన్ను చూసింది. మామ రోడ్డే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"పదిహేడు సక్కగనే సదివిన్నా?"

"పదిహేడూ సరిగ్గానే చదివారు మామా."

ఇంకో పది పిల్లర్లు దాటాయి. "గా పిల్లకు ఎర్కనా ఇది?"

"లేదు."

ఇండికేటర్ వేశాడు. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్ తీసుకున్నాడు. ఆయన జీవితంలో కొన్న మొదటి కొత్త బండి ఇంటికి చేరకముందే వెనక్కి తిరిగింది.

షోరూంలో మామ కూర్చోలేదు. "మీ మేనేజర్ను పిలువు బిడ్డా. నీ తప్పు లేదన్నది ఆయన చెవుల పడాలె" అన్నాడు. మేనేజర్ వచ్చాడు. మామ నా వైపు చూశాడు. నేను చెప్పాను. మొదటిసారి గొణిగినట్టు వచ్చింది. "గట్టిగ" అన్నాడు మామ. మళ్ళీ చెప్పాను. సోఫాలో నవ్విన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, ఇప్పుడు ఫోన్‌లో తల దూర్చాడు.

ప్రణతి నాతో ఏమన్నా అంటుందని ఆగాను. ఆమె మామతో మాట్లాడింది. "మీరు మళ్ళ వస్తరనుకోలేదు సార్."

"ఒస్త ఎందుకు రాను? దొంగ అన్న కద నిన్ను. గది ఎవ్వని మాట పట్టుకొని అన్నా, నోరు నాదే." మేనేజర్ వైపు తిరిగాడు. "పదిహేడు సక్కగనే సదివిన సార్ నేను."

బయటికొచ్చాక బుచ్చవ్వ కిటికీలోంచి నన్ను ఎగాదిగా చూసి, "వీడు ఏ మోడల్‌రా?" అంది. మామ స్టీరింగ్ ముందు కూర్చుని తలుపేసుకున్నాడు. నేను వెనక తలుపు మీద చెయ్యి వేశాను. "నువ్వు మెట్రోల రా" అన్నాడు. బండి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఇది జరిగి నెలన్నర అయింది. మామ నాతో మాట్లాడటం మానలేదు. ఎదురుపడితే ఆగుతాడు, మా అమ్మ ఆరోగ్యం అడుగుతాడు. చార్జర్‌కి ఎర్త్ సరిగ్గా లేదంటే పోయి కలిపి వచ్చాను, టీ ఇచ్చారు. అప్పుడే వాళ్ళింటికి ఎవరో చుట్టాలొస్తే వాళ్ళకి నన్ను చూపించాడు. నేను రెండు వేల రెండు కోసం ఎదురుచూశాను.

"పక్క గల్లీల ఉంటడు" అన్నాడు మామ. "గౌతమ్ అని."