కమ్మరి సోమయ్య, కొవాచ్ బాలింట్

2023 వానాకాలం. మానుకోట స్టేషన్ రోడ్డులో నా దుకాణం. బోర్డు మీద ఆన్‌లైన్ సెంటర్ అని ఉంటుంది గానీ చుట్టుపక్కల వాళ్ళంతా "ఫారాల మేడం దుకాణం" అనే అంటారు. పదహారేళ్ళుగా మనుషుల పేర్లను ఫారం డబ్బాల్లో నింపడమే నా పని. పాన్ కార్డు కావచ్చు, పాస్‌పోర్టు కావచ్చు, మొదటి డబ్బా పేరుదే. అక్కడ తప్పు పడిందా, ఆ మనిషి ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ పనిలో ఎక్కువ పేచీ పెట్టేవి రెండు డబ్బాలు. ఒకటి సర్‌నేమ్, అంటే ఇంటిపేరు. రెండోది గివెన్ నేమ్, అంటే మనకు పెట్టిన పేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు కాబట్టి ఈ రెండూ తరచూ తారుమారవుతాయి. అందుకే వచ్చిన ప్రతివాళ్ళకీ నేనో పాఠం చెప్పేదాన్ని: "మనకు ఇంటిపేరు ముందర, తెల్లోళ్ళకు ఎనుక. గంతే, యాదుంచుకోండ్రి." ఈ పాఠం మీద నాకు కొండంత నమ్మకం. ఒక కమ్మరాయన వచ్చి ఆ నమ్మకాన్ని సమ్మెట పెట్టి కొట్టి వెళ్ళాడు.

ఆయన పేరు సోమయ్య. నెల్లికుదురు దగ్గర ఒక ఊరు. యాభై దాటిన మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. డిగ్రీ చదువుతున్న కూతురు స్వప్నతో కలిసి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఉత్తరం తీసి నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. హంగరీ దేశంలో ఒక చిన్న పట్నం. అక్కడ సెప్టెంబరు చివర్లో కమ్మరుల పండగట. నానా దేశాల నుంచి కమ్మరులొచ్చి పని చేసి చూపిస్తారట. దానికి సోమయ్యను పిలుస్తున్నారు, రానూపోనూ ఖర్చులతో సహా.

"నిన్నెట్ల ఎరుకవట్టిండ్రన్నా?" అని అడిగాను.

"పోయిన యాడాది ఒకాయన అచ్చిండు మేడం. పాత ఇనుప సామాన్లు సూసుకుంట తిరుగుతుండట. మా కొలిమికాడ మూడొద్దులు కూసున్నడు. నేను కొడవలి జేస్తాంటే కొలత ఏదని అడిగిండు. కొలత ఏడుంటది, చెయ్యే కొలత."

ఆ వచ్చినాయనే ఈ ఉత్తరం రాసింది. కింద సంతకం దగ్గర Kovács Bálint అని ఉంది. కొవాచ్ బాలింట్ అని చదవాలని తర్వాత తెలిసింది.

పాస్‌పోర్టు ఫారం తెరిచాను. ఆధార్‌లో కమ్మరి సోమయ్య అని ఉంది. సర్‌నేమ్ డబ్బాలో కమ్మరి అని కొట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది వద్దు మేడం. మా ఇంటిపేరు నాగోజు. నాగోజు సోమయ్య అని రాయరాదు?"

"మరి ఆధార్ల కమ్మరి ఎందుకున్నది?"

"ఒకటో తరగతిల సారు రాసిండు. పేరేందిరా అంటే సోమయ్య అన్న. మీ నాయిన ఏం జేస్తడురా అంటే కమ్మరి పని అన్న. గంతే. ఇంటిపేరు అడుగనే లేదు."

ఇది కొత్త కథేం కాదు. మా వైపు కుమ్మరి, చాకలి, మంగలి అంటూ రికార్డుల్లోకెక్కిన ఇంటిపేర్లలో సగం ఇలా వచ్చినవే. అసలు ఇంటిపేరు ఇంట్లోనే ఉండిపోతుంది, కులం కాగితమెక్కి కూర్చుంటుంది. స్వప్న మాత్రం ఊరుకోలేదు. "అక్కా, హాస్టల్ల నన్ను పేరు పెట్టి పిలువరు. కమ్మరోళ్ళ పిల్ల అంటరు. బాపు గంత దూరం పోతాండు. ఆడనన్న మా పేరుతోని పోనియ్యి."

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేం లేదు. కానీ ఫారం అవన్నీ చూడదు కదా. ఇంటిపేరు మార్చాలంటే ముందు అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం. ఆ తర్వాత పేపర్లో ప్రకటన. ఆ పైన గెజిట్, అంటే సర్కారు అచ్చు వేసే ప్రకటన. అదొచ్చాక ఆధార్, దాని వెనక పాస్‌పోర్టు. నెలలు పడుతుంది, పండగ ఆగదు. ఆ మాటే మొహమాటం లేకుండా చెప్పేశాను. "పేరు కావాల్నా, ప్రయాణం కావాల్నా, మీరే జెప్పండ్రి."

సోమయ్య ఉత్తరాన్ని ఒకసారి చేత్తో తడిమాడు. "ప్రయాణమే రాయి మేడం" అన్నాడు. కమ్మరి అని కొట్టాను. ఏం పని చేస్తారన్న చోట, మళ్ళీ అక్కడా కమ్మరి ఎందుకని, కూలీ అని చెప్పింది స్వప్న. అదీ కొట్టాను.

పాస్‌పోర్టు అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. ఇక వీసా ఫారం. అందులో పిలిచినవాళ్ళ ఇంటిపేరు, పేరు విడివిడిగా రాయాలి. ఉత్తరంలో కొవాచ్ బాలింట్ అని ఉంది. తెల్లాయన కాబట్టి ఇంటిపేరు వెనక, నా పాఠం ప్రకారం. సర్‌నేమ్ బాలింట్, పేరు కొవాచ్ అని టకటకా కొట్టేశాను. ఉత్తరం వెంట ఆయన గుర్తింపు కార్డు నకలు కూడా ఉంది. దాన్ని తిప్పి చూస్తే నా సొమ్మేం పోయేది? చూడలేదు.

తండ్రీకూతుళ్ళు పొద్దున రైలెక్కి, వీసా కాగితాలు ఇవ్వడానికి హైదరాబాద్ పోయారు. మధ్యాహ్నం స్వప్న ఫోను. "అక్కా, కాగితాలు వాపస్ ఇచ్చిండ్రు. పిలిచినాయన పేరు కార్డుల ఒక తీరు, ఫారంల ఒక తీరు ఉన్నదట. సాపు జేసుకొని రమ్మన్నరు. మల్ల కాగితాలిచ్చెతందుకు నాలుగొద్దులల్ల ఒక్క తారీఖే ఉన్నది. అది దాటితే మల్ల పండుగ అయిపోయినంకనే."

మర్నాడు దుకాణం తెరిచేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండు అనిపించింది. నా పొరపాటేనని ఒప్పుకున్నాను. సోమయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, "పరేషాన్ గాకు మేడం. ఇనుము వంకర వోతే ఇసిరి పారేస్తమా? మల్ల కొలిమిల వెట్టి సాపు జేస్తం" అన్నాడు. నా మనసులో ఆ మనిషి ఎత్తు పెరిగింది ఆ నిమిషానే.

కార్డు తీసి చూస్తే కొవాచ్ ఇంటిపేరని ఉంది. రూఢి చేసుకుందామని ఉత్తరం రాసినాయన ఈమెయిలు తీస్తే అందులో బాలింట్ కొవాచ్ అని తిరగేసి ఉంది. నా బుర్ర మరింత తిరిగింది. ఇక లాభం లేదని, వాళ్ళకు తెల్లారే వేళ చూసుకుని స్వప్న ఫోన్లోంచి వీడియో కాల్ చేశాం. తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. సోమయ్యను చూడగానే "మాస్టర్!" అని రెండు చేతులూ జోడించాడు. నేను ఇంగ్లీషులో సంగతి చెప్పి, మీకు ఇంటిపేరు వెనక రావాలి కదా అని ఆయనకే నా పాఠం అప్పజెప్పాను. కమ్మరి వీధిలో సూదులమ్మడమంటే అదే.

ఆయన పకపకా నవ్వాడు. "మేం హంగరీవాళ్ళం ఇంటిపేరు ముందే రాస్తామమ్మా, మీలాగే. పరాయి దేశాలకు రాసేటప్పుడు మాత్రం వాళ్ళు తికమకపడతారని తిప్పి రాస్తాం. కొవాచ్ నా ఇంటిపేరు. దాని అర్థం తెలుసా? కమ్మరి."

స్వప్న ఆ మాట తెలుగులో చెప్పేసరికి సోమయ్య ఫోను దగ్గరికి జరిగాడు. "ఏందీ? గాయిన గూడ కమ్మరి బాలింటేనా?"

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, చుట్టూ ఉన్న దేశాలన్నీ ఇంటిపేరు వెనక రాస్తుంటే వీళ్ళు ముందు రాస్తారట. ఆయన చెప్పుకుంటూ పోయాడు. మొల్నార్ అంటే పిండిమర నడిపేవాడు. ఫజెకష్ అంటే కుమ్మరి. తకాచ్ బట్ట నేసే సాలె, యుహాస్ గొర్లకాపరి, సబో అంటే బట్ట కత్తిరించి కుట్టేవాడు. కొన్ని వందల ఏళ్ళ కిందట పన్నుల పట్టీలు రాసే గుమస్తాలకు ఒకే పేరున్నవాళ్ళు ఊరికి పదిమంది తగిలేవారట. యానోష్ అన్న పేరే చూడండి, ఏ యానోష్ అని గుర్తు కోసం పని చేర్చి కమ్మరి యానోష్, కుమ్మరి యానోష్ అని రాసుకున్నారట. అవే నిలిచి ఇంటిపేర్లయ్యాయి.

"అంటే ఆడ గూడ సారే రాసిండన్నట్టు" అన్నాడు సోమయ్య.

తర్వాత సోమయ్యే బాలింట్‌ను అడిగాడు, వాళ్ళ తాత ముత్తాతలు ఏం పని చేసేవారని. బాలింట్ జవాబు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "మా తాత రైల్వే గుమస్తా. ఆయన తండ్రి పొలం పని. మాకు తెలిసినంతలో మా ఇంట్లో ఎవరూ సమ్మెట పట్టలేదు. పేరు మిగిలింది, పని పోయింది. ముప్పై ఏళ్ళొచ్చాక ఆ పేరు చూసి సిగ్గుపడి, కొలిమి పెట్టి నేర్చుకున్నాను. మూడు రోజులు మాస్టర్ చేతులు చూశాక నాకింకా రాలేదని తెలిసింది."

సోమయ్య కూతురి వైపు తిరిగాడు. "ఆ పేరు జూసి మీ కాడ ఎవలన్న తక్కువ జేస్తరా, అడుగు బిడ్డా" అన్నాడు.

"తక్కువెందుకు చేస్తారు? మా వీధిలో నలుగురు కొవాచ్‌లున్నారు. ఒకడు పళ్ళ డాక్టరు" అన్నాడు బాలింట్.

కాల్ అయిపోయాక స్వప్న ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "వాళ్ళకు పేరు పనిని జెప్తది అక్కా. మనకు ఏడ కూసోవాల్నో జెప్తది" అంది.

ఫారం సరిచేశాను. ఈసారి గుర్తింపు కార్డుతో అక్షరం అక్షరం పోల్చి చూశాను. వీసా వచ్చింది, సోమయ్య వెళ్ళాడు. బాలింట్ పంపిన వీడియో స్వప్న తెచ్చి చూపించింది. అక్కడ అందరూ నిలబడి, ఇనుము పెట్టి కొట్టే ఎత్తు దాగలి దిమ్మ మీద పని చేస్తారు. మనాయన కూర్చుని చేసేవాడు. ఇబ్బంది పడతాడేమో అనుకున్నాను. ఆయన దాగలిని దించమని సైగ చేసి, పచ్చికలో గొంతుక్కూర్చుని, ఒక్క కొలత లేకుండా కొడవలి తయారుచేశాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే గడ్డిలో కూర్చున్నారు, ఆయన చేతులు కనబడాలని. దుకాణంలో ఫారాలకొచ్చిన జనమున్నా సిగ్గుపడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

దీపావళి దాటాక సోమయ్య మళ్ళీ వచ్చాడు. కొవాచ్, తను కలిసి కొట్టిన, కాగితాలు కోసే చిన్న కత్తి నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు టైమున్నది గద చెల్లె. ఇగ పేరు మార్పియ్యి. నాగోజు సోమయ్య" అన్నాడు. మేడం పోయి చెల్లె అయ్యాను.

నేను తెల్లబోయాను. "గంత మంది మెచ్చిండ్రు గదన్నా కమ్మరివని. ఇంకెందుకు మార్చుడు?"

"మెచ్చింది పనిని. కమ్మరి నా పని, నాగోజు నా ఇల్లు. రెండూ నాయే. ఏది ఏ డబ్బల వడాల్నో నేను జెప్పాలె గని సారు గాదు."

అఫిడవిట్ టైపు చేయడం మొదలుపెట్టాను. పేరు అయింది, తండ్రి పేరు అయింది. వృత్తి అన్న చోట అలవాటుగా కూలీ అని పడింది. ఆయన స్క్రీను వైపు వంగి, మచ్చల వేలితో ఆ మాట చూపించాడు.

"గది తుడువు. గాడ రాయి, కమ్మరి అని. జర పెద్దగ."

అఫిడవిట్‌లో ఏ మాటనూ పెద్దగా రాసే పద్ధతి లేదు. రాశాను. ఆ రోజు నుంచి నా పాఠం మానేశాను. ఎవరొచ్చినా ఆధార్ అడగడానికి ముందు ఒక మాట అడుగుతాను: "మీ పేరు ఎట్ల రాయమంటరు?"