తడి చాలని మలుపు

"బండి తిరగబడితే ఈ తలుపు లోపల్నుంచి తెరుచుకుంటాదా మామా?"

"తెరుచుకుంటాది. నువ్వు తెలివిలో ఉంటే."

అంతటితో ఊరుకోక అబ్దుల్ కరీం నవ్వాడు కూడా. పక్క సీట్లో, నాలుగు బెల్టుల మధ్య మూటలా కట్టుబడి కూర్చున్న నెహెమ్యాకు ఆ నవ్వు ఏమాత్రం నచ్చలేదు. అతను కర్నూలులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాడు. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుందని ఎవరికైనా కాగితం మీద చూపించగలడు. ఆ లెక్క తెలిసినందువల్ల అతనికి ధైర్యం పెరగలేదు, ఉన్నది కాస్తా పోయింది. పైగా ఇంట్లో తొమ్మిది నెలల కూతురు. అది పుట్టిన దగ్గర్నుంచి అతని కంటికి మంచం అంచు కొండ అంచులాగే కనిపిస్తోంది. అలాంటివాడు ఇవాళ, మూడు సెకన్లలో వంద వేగం అందుకునే ఎర్రటి స్పోర్ట్స్ కారులో, తడిపిన ట్రాక్ మీద, నూట నలభైలో మలుపు తిరగబోతున్నాడు. అదీ టైర్లు జారకుండా కాచే ఎలక్ట్రానిక్ సాయం మొత్తం ఆపేసి. ఉత్త టైర్ల పట్టు ఎంతో తేల్చడానికే ఈ పరీక్ష.

ఆ ట్రాక్ ఎర్రగుంట్లకు కొంచెం దూరంలో, పాత రాతి గనులు పూడ్చిన నేల మీద ఉంది. కార్ల కంపెనీలవాళ్ళు బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ బళ్ళు తెచ్చి పరీక్ష చేయించుకుపోతారు. ఎండలో పరీక్షకు ఇబ్బంది లేదు, ఎండ ఎప్పుడూ ఉంటుంది. వాన కావాలంటేనే వస్తుంది చిక్కు. అందుకని వానను ట్యాంకర్లో తెస్తారు. లేవి అనే ఆయన బోరు దగ్గర ట్యాంకర్ నింపుకొచ్చి, వెనక గొట్టాలు తిప్పి, ట్రాక్ పొడవునా పోస్తాడు. ఒక్క పరీక్షకు రెండు ట్యాంకర్లు.

కారు నడిపేది కరీం. ఆయన పుట్టింది కోడుమూరు. పద్దెనిమిదేళ్ళకు లారీ ఎక్కాడు, యాభై దాటేదాకా దిగలేదు. ఎర్రగుంట్లలో సిమెంటు నింపుకుని బెంగళూరులో దించి రావడమే ఆయన బతుకు. ఈ ట్రాక్ కట్టేటప్పుడు సిమెంటు తోలింది కూడా ఆయనే. ఒకనాడు పని జరుగుతుండగా వాన పడింది. నిండు లోడుతో ఉన్న లారీని బురద వాలు మీంచి బ్రేకు ముట్టకుండా దించుకొచ్చాడు. ఇంజనీర్లు నోళ్ళు తెరుచుకుని చూశారు. ట్రాక్ పూర్తయ్యాక కబురు పంపారు. "కారు గూడా బండే గదా, చిన్న లారీ అనుకుంటా" అని వచ్చి చేరాడు.

ఆయనకొక అలవాటు ఉంది. తడిపిన ట్రాక్ మీద పరీక్షకు ముందు బూట్లు విడిచి, వట్టి కాళ్ళతో మలుపులన్నీ నడిచి వస్తాడు. ఇవాళ నడవలేదు. బెంగళూరు నుంచి కారుతో వచ్చిన మేడం, సాయంత్రానికి తిరిగి బయలుదేరాలని పొద్దున్నుంచి గడియారం చూస్తూనే ఉంది.

"నీకు భయమైతే దిగు అల్లుడా. వేరేవాళ్ళు కూర్చుంటారు" అన్నాడు కరీం.

వాళ్ళు వరసకు ఒకరికొకరు ఏమీ కారు. మామా అని పిలిచిన మొదటి రోజే కరీం అల్లుడా అనేశాడు, అదే నిలబడిపోయింది.

"భయమేం లే" అన్నాడు నెహెమ్యా. అబద్ధం.

మొదటి చుట్టు నెమ్మదిగా వేశారు. ప్రతి మలుపులో కరీం బ్రేకును చిన్నగా తాకిస్తుంటే, నెహెమ్యా ముందు బిగించిన తెర మీద టైర్ల పట్టు ఎంతో అంకె పడుతుంది. అవి సరిగ్గా నమోదవుతున్నాయో లేదో చూడడమే నెహెమ్యా పని. తడి రోడ్డు మీద అది యాభై శాతం దాటి ఉండాలి. మొదటి మలుపు, యాభై ఆరు శాతం. రెండోది, యాభై నాలుగు. మూడో మలుపులో ముప్పై ఒకటి.

నెహెమ్యా ఆ అంకె వైపు మళ్ళీ చూశాడు. ముప్పై ఒకటి తడి రోడ్డు అంకె కాదు, బురద అంకె. నోరు తెరిచాడు. వెంటనే, సెన్సరు తప్పు చెప్పిందేమో అనిపించింది. పొద్దున్నుంచీ భయపడుతూ ఉన్నవాడికి అన్నీ అట్లాగే కనిపిస్తాయేమో అనిపించింది. మేడం ఎదుట పరీక్ష ఆపించి, తీరా ఏమీ లేకపోతే? "పిల్ల పుట్టినాక మనోడు పిల్లోడైపోయినాడు" అని ఆఫీసులో నవ్వుకోరా? తెరిచిన నోరు మూసుకున్నాడు.

రెండో చుట్టు. కారు అరిచింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. మొదటి మలుపు గడిచింది, రెండోదీ గడిచింది. మూడోది వస్తుంటే తెర మీద వేగం నూట ముప్పై ఎనిమిది. కరీం స్టీరింగ్ తిప్పాడు. ముక్కు తిరిగింది గానీ వెనక భాగం దాని దారిన అది పోయింది. అరచేయి మీంచి సబ్బు జారినట్టు, చప్పుడు లేకుండా. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. నెహెమ్యా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చేయి మాత్రం దానంతటదే లేచి కరీం ఎడమ మోచేతిని పట్టుకుంది.

ఆకాశం, టైర్ల గోడ, ట్యాంకర్, మళ్ళీ ఆకాశం. కారు ఒకటిన్నర చుట్టు తిరిగి, కంకరలోకి దిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగింది. వెనక, పాత టైర్లు పేర్చి కట్టిన గోడ పది అడుగుల్లో ఉంది.

ఇంజను టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.

"అల్లుడా."

"ఊఁ."

"బతికే ఉండావు గదా, ఇంగ చేయి విడువు. నా పెండ్లినాడు మీ అత్త గూడా ఇంత గట్టిగా పట్టుకోలే."

నవ్వు రాలేదు. నెహెమ్యా చేయి విడిచి, తలుపు తెరుచుకుని దిగాడు. ముఖం తెల్లబోయి మేడం పరుగెత్తుకొచ్చింది. కరీం ఆమెకు చేయి ఊపి, బూట్లు, మేజోళ్ళు విప్పి మూడో మలుపులోకి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వంగి వేలితో నేలను గీరి, వేలు పైకెత్తి చూపించాడు. తెల్లగా, వెన్నలాంటి పేస్టు.

చుట్టుపక్కల లారీలు రేపే సున్నపురాయి దుమ్ము పదిరోజులుగా వచ్చి ట్రాక్ మీద పడుతోంది. నీళ్ళు దండిగా పోస్తే కొట్టుకుపోయేది. చిలకరించినట్టు పోస్తే దుమ్ము నానింది, పోలేదు.

"లేవీ! మూడో మలుపుకు ఎన్ని నీళ్ళు పోస్తివప్పా?"

లేవి ట్యాంకర్ దిగి తల గోక్కుంటూ వచ్చాడు. "గిడ్డమ్మ గొర్లు బోరుకాడ నాలికలు బయటేసుకుని నిలబడినాయి కరీమన్నా. రెండో ట్యాంకర్లో సగం ఆ తొట్టిలో ఇడిచినా. మిగిలింది ఈడ పల్సగా పోసినా. నున్నటి రోడ్డు, యాడ చూసినా తడే గదా, ఇంగ ఊరికే పారబోసేదెందుకని..." కంకరలో కూరుకున్న కారు వైపు చూసి, మాట సగంలో వదిలేశాడు.

నీళ్ళు వృథా పోసేవాడిని ఆ ఊళ్ళలో ఎవరూ మంచివాడనరు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. మేడం ఒక్కతే ఏమీ అర్థంకాక చూసింది.

"గొర్లకు పోసింది తప్పు కాదు. పోసినా అని చెప్పకపోవడం తప్పు" అన్నాడు కరీం. "నేనూ ఈ పొద్దు నడవలే. నాదీ తప్పే." తర్వాత నెహెమ్యా వైపు తిరిగాడు. "నీ తెరలో ఏమీ కనపళ్ళేదా?"

"కనపడింది మామా. ముప్పై ఒకటి. నా భయమేమో అనుకుని..."

కరీం కోప్పడలేదు. టైర్ల గోడ మీద కూర్చుని, పాదాలకంటిన పేస్టు తుడుచుకుంటూ చెప్పాడు. "మా తమ్ముడు ఫారూఖ్ నా లారీ మీదనే పనిచేస్తుండె. ఒకసారి ముందు టైరు ఉబ్బింది చూసినాడు. అన్నకు నేను చెప్పేదా, నవ్వుతాడేమో అని నోరు మూసుకున్న్యాడు. టైరు పగిలేటప్పుడు మాత్రం ఎగిరి స్టీరింగ్ పట్టుకున్న్యాడు. లారీ తిరగబడి వాని కాలు నలిగింది. ఇప్పుడు కోడుమూరులో టీ అంగడి పెట్టుకుని, కుంటుకుంటా గ్లాసులు అందిస్తాండాడు. వాడు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే లారీ పక్కకు ఆపుతుంటి."

లేవి మళ్ళీ బోరుకు పోయాడు. ఈసారి రెండు ట్యాంకర్లూ చివరి చుక్కదాకా పోశాడు. తెల్లటి నీళ్ళు పక్క కాలువలోకి పారి, కాసేపటికి తేటపడ్డాయి. కరీం మలుపులన్నీ నడిచి వచ్చాడు. మేడం గడియారం చూడలేదు.

"దిగుతావా, కూర్చుంటావా?"

"నాకు శానా భయంగా ఉండాది మామా" అన్నాడు నెహెమ్యా. ఆ ప్రశ్నకు పొద్దున్నుంచి అతను చెప్పిన మొదటి నిజం అది. "కూర్చుంటా. అంకె తగ్గితే మాత్రం అరుస్తా."

"అరువు. చెవులుండేది దానికే."

నెమ్మది చుట్టులో మూడో మలుపుకు యాభై మూడు వచ్చింది. నాలుగోది నలభై నాలుగు. "తగ్గింది!" అని అరిచాడు. తర్వాతి చుట్టులో కరీం అక్కడికి చేరకముందే కాలు తేలిక చేశాడు. కారు కొద్దిగా నడుము తిప్పి, మళ్ళీ దారికొచ్చింది. ఆరు చుట్లు. ఆరింటిలోనూ నెహెమ్యా వణుకుతూనే ఉన్నాడు, అరుస్తూనే ఉన్నాడు. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

భయం పోలేదు, ఇప్పటికీ ఉంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కూతురు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. ఇదివరకైతే దూకి రెక్క పట్టి లాగేవాడు, పిల్ల జడుసుకుని గుక్కపట్టి ఏడ్చేది. ఈసారి కూర్చున్నచోటి నుంచే, వంటింట్లో ఉన్న భార్యతో, "క్రిస్టినా, నాకు భయమైతాంది. ఆ కుర్చీ ఒరిగేట్టు ఉండాది" అన్నాడు. ఆమె చేతిలోని పప్పు గిన్నె దించకుండానే వచ్చి కుర్చీని కాలితో అదిమి పట్టింది. పిల్ల ఒక అడుగు వేసింది.

ఆ రోజు కారు దిగాక, బూట్ల తాళ్ళు ముడేసుకుంటూ కరీం చెప్పిన మాట ఇది: "భయం రానీప్పా, తప్పేం లే. వచ్చినప్పుడు నోటితో చెప్పు. నోట్లో నుంచి రానిస్తే మాటగా పోతాది. మింగితే మాత్రం చేతుల్లోకి దిగుతాది. అప్పుడు ఎవరి మోచేయి పట్టుకుంటామో మనకే తెలీదు."