జగ్గారావు బండి ముందు వించి

మా బావ జగ్గారావు మిలటరీ వేలంలో పాత లారీ కొన్నాడని తెలిసిన పూట నేను అన్నం సగంలో వదిలేసి లేచాను. అతను మా ఆవిడ కాంతానికి సొంత అన్న. నీలమ్మపాలెంలో అందరి భూములతో పాటు అతని వరి పల్లం, జీడితోట, ఇల్లు ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయాయి. చేతికొచ్చిన పరిహారంతో గాజువాకలో ఇంత స్థలం కొనుక్కోమని నేను చెప్పాను, కాంతం చెప్పింది, అతని భార్య గౌరీశ్వరి రోజూ చెప్పింది. అందరి మాటకీ తల ఊపి, తిన్నగా వెళ్లి లారీ కొనుక్కొచ్చాడు.

నాది గాజువాకలో వెల్డింగు షాపు. మర్నాడు పొద్దున్నే ఆ బండి నా షాపు ముందుకొచ్చి ఆగింది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి, ఒక తలుపుకి తాడు కట్టి ఉంది.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"బండి."

"కనబడతంది. దీంతో ఏటి సేద్దావని?"

"సైటులో మట్టి పని మొదలెట్టీసారు గదా. వానలొచ్చేయంటే టిప్పర్లు బురదలో దిగబడిపోతాయి. ఆటిని పైకి లాగుతాను. దీనికో వించి కావాల. నువ్వు బిగించాల."

వించి అంటే పెద్ద మాయేం కాదు. ఇనప డ్రమ్ముకి వైరు రోపు చుట్టి ఉంటుంది, కొసని కొక్కెం. ఆ కొక్కేన్ని దిగబడిన బండికి తగిలించి డ్రమ్ము తిప్పితే బండి మన దగ్గరికొస్తుంది. కదలని చెట్టుకి తగిలిస్తే మన బండే చెట్టు దగ్గరికి వెళ్తుంది. అంతే సంగతి. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది. నాగలి తప్ప ఇంకోటి పట్టనివాడు నలభై దాటాక లారీ తోలుతాడట.

"ఆ డబ్బుతో ఎక్కడైనా రెండెకరాలు కొనుక్కుని నీ బతుకు నువ్వు బతకొచ్చు గదా!" అని అరిచాను.

అతను తాడు కట్టిన తలుపు సర్దుకుంటూ మెల్లగా అన్నాడు. "సైటు సుట్టూ కంచె ఏసెస్తారంట బావా. పాసున్నోడే లోపలికెల్లాల. బండుంటే పాసిస్తారు. రోజూ మా ఊరెల్లి రావొచ్చు."

ఊళ్లో ఇళ్లు అప్పటికే కూలగొట్టేశారు. ఏ ఊరు చూడ్డానికి వెళ్తావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వెల్డింగు రాడ్లు కుర్రాళ్ల మొహాన పడేసి, చొక్కా తొడుక్కుని అతనితో వించి వెతకడానికి బయల్దేరాను.

విశాఖపట్నం అంతా తిరిగాం. పోర్టు తుక్కులో ఒకటి దొరికింది, ఓడల్లో సరుకు దింపేది. దాన్ని ఎత్తి బండి మీద పెడితే బండి అక్కడే మోకాళ్ల మీద కూర్చుంటుంది. ఇంకొక చోట జీపుకి పెట్టే కరెంటు వించి చూపించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు లాగుళ్లు లాగేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. బురదలో ఇంజను ఆగి, బ్యాటరీ కూడా పోతే ఇక దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే.

చివరికి ఫిషింగ్ హార్బరులో దొరికింది మాకు కావలసింది. సూరన్న అనే జాలరి మరబోటు గాలివానలో రాళ్లకి కొట్టుకుని పనికిరాకుండా పోయింది. వల లాగే వించి మాత్రం నిక్షేపంలా ఉంది. ఉప్పు గాలికి పైన తుప్పు పట్టినా లోపల పళ్ల చక్రాలు గ్రీజులో నల్లగా మెరుస్తున్నాయి. ఇంజను బలంతోనే తిరుగుతుంది కాబట్టి బ్యాటరీతో పని లేదు. జగ్గారావు ఎడ్ల సంతలో పళ్లు చూసినట్టు ఒక్కొక్క పన్నూ వేలితో తడిమాడు. డ్రమ్ముని చేత్తో తిప్పి చెవి ఆనించి విన్నాడు.

"ఎప్పుడైనా లాగనేకపోయిందేటి ఇది?" అని అడిగాడు.

"ఒకపాలి వల సముద్రం అడుగున రాతికి తగులుకుండిపోనాది," అన్నాడు సూరన్న. "ఇది వదల్లేదు. రాయీ వదల్లేదు. పడవే మునిగిపోబోతే నాను రోపు నరికీసినాను."

జగ్గారావు మొహం వెలిగిపోయింది. బండి బరువుకి ఒకటిన్నర రెట్లు లాగితే చాలని నా లెక్క. ఇది అంతకన్నా ఎక్కువే లాగుతుంది. సూరన్న దానికి చివరిసారి గ్రీజు పూసి మరీ ఇచ్చాడు. అతని మొహం చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను.

తెచ్చాక పోట్లాట మొదలైంది. వించి వెనక పెట్టాలన్నాను నేను. పరాయి బండ్లని లాగే పనైతే వెనక ఉండటమే మేలు. మనం గట్టి నేల మీద ముందుకి మొహం పెట్టి నిలబడొచ్చు, పని కాగానే వెళ్లిపోవచ్చు.

"ముందే ఎట్టు," అన్నాడతను.

"ఎందుకు?"

"పరాయోడి బండి దిగబడితే నానున్నాను. నాదే దిగబడిపోతే ఎవుడున్నాడు? ముందుంటే ఏ సెట్టుకో తగిలించి నా అంతట నాను లెగుస్తాను."

నేను ఎంత వాదించినా వినలేదు. సరే, అతని బండి, అతని ఇష్టం. పడవ వించికి ఉన్న రెండు డ్రమ్ముల్లో ఒకటి కోసేసి బరువు తగ్గించాను. బంపరుకి తగిలిస్తే మొదటి లాగుడుకే ఊడొస్తుంది కాబట్టి ఛాసిస్‌కే మందపాటి ప్లేటు వేసి బోల్టులు బిగించాను. గేరుబాక్సు పక్కనుంచి షాఫ్టు ముందుకి తెచ్చి, చైనుతో డ్రమ్ముకి కలిపాను. కొత్త రోపు వదులుగా చుడితే మీది చుట్టు కింది చుట్ల మధ్యకి దిగి నలిగిపోతుంది. అందుకని కొక్కేన్ని ఒక తాటిచెట్టుకి తగిలించి, బ్రేకు తొక్కి పెట్టి, బండిని ఈడ్చుకుంటూ బిగువుగా చుట్టించాను.

తాటిచెట్టుకి రోపు వేసే ముందు జగ్గారావు రెండు గోనెసంచులు తెచ్చి చెట్టు చుట్టూ కట్టాడు.

"ఏటది?"

"వైరు కోసెయ్యదేటి సెట్టుని?" అన్నాడు.

మా షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వానాకాలం అతనికి బాగానే గడిచింది. సైటులో పైడయ్య అనే పాత పొరుగు రైతుని తోడు పెట్టుకున్నాడు. నేను చైను చూడ్డానికి అప్పుడప్పుడూ వెళ్లేవాణ్ణి. నాకు అక్కడ ఎటు చూసినా ఎర్రమట్టే. అతనికి మాత్రం ఊరు ఊరంతా కనబడేది. "ఆ టిప్పరు దిగబడింది నీ మడిలోనే పైడయ్యా. రోపు వరహాలోలి తాడిసెట్టుకి తగిలించు," అనేవాడు. కొట్టేయడానికి రంగుతో నంబర్లు వేసి ఉంచిన చెట్లకి కూడా గోనెసంచులు కట్టేవాడు. ఎక్కడ అడుగున గట్టి నేలో, ఎక్కడ బంకమట్టో చెప్పేవాడు. డ్రైవర్లు అతని మాట విని బండి తోలేవాళ్లు. సాయంత్రం మా ఇంటికొచ్చి, "ఇయ్యాల మా ఇంటి కాడే పని బావా," అని చెప్పేవాడు. ఇల్లు లేని సంగతి ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

ఎండలొచ్చాయి. బురద లేదు, దిగబడే బండి లేదు. పని లేని బండికి పాసు ఎందుకని భీమశంకరరావు అడిగాడు. అతను ఆ భాగంలో మట్టి పని పట్టిన చిన్న కాంట్రాక్టరు. "చెట్లు కొట్టించేశాను, మొదళ్లు మిగిలాయి. నీ వించితో అవి పీకు, పాసు ఉంచుతాను," అన్నాడు. జగ్గారావు రెండు రోజులు వెళ్లలేదు. మూడో రోజు వెళ్లాడు.

ఆ వేసవంతా మొదళ్లు పీకాడు. జీడి మొదళ్లు, మామిడి మొదళ్లు, తాటి మొదళ్లు. గౌరీశ్వరి వచ్చి కాంతం దగ్గర కూర్చుని ఏడ్చింది. "మా తోటలో మొదలు పీకినోడు ఇంటికొచ్చి అన్నవెలా తింటన్నాడొదినా?" అంది. అతను అన్నం తినడం లేదని నాకు తెలుసు. నా షాపులోనే కూర్చుని టీలు తాగేవాడు. ఒకసారి, "నాను పీకితే నెమ్మదిగా పీకుతాను బావా," అన్నాడు. ఏం నెమ్మది! చచ్చిన చెట్టుకి నెమ్మదేమిటి? కానీ అతను ఖాళీ గ్లాసునే మళ్లీ మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంటున్నాడు. నేను గబగబా ఇంకో టీ తెప్పించాను.

తర్వాత జరిగింది చూసి కొందరు పెద్దమనుషులు, చేసుకున్నదానికి ఫలితం అన్నారు. అలా అన్నవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను. పాసు కోసం అతను చేసిన పనికి పాపం, పుణ్యం లెక్కలు చెప్పేవాళ్లు ఒక్కసారైనా ఆ కంచె బయట నిలబడి చూడాలి.

రెండో ఏడు దసరా వెళ్లాక ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం చైను సాగిందని కబురు చేస్తే వెళ్లాను. బిగించి చేతులు తుడుచుకుంటుంటే, దూరంగా ఒక టిప్పరు ఇరుసుల దాకా దిగబడిందని మనిషి వచ్చాడు. పైడయ్య ఆ రోజు రాలేదు కాబట్టి తోడుగా నేనే బండెక్కాను. జగ్గారావు తిన్నగా పోకుండా ఎడమ చేతికి తిప్పాడు.

"ఇటెందుకు? దారి అటుంది గదా!"

"ఆ దారి బురద. ఇది మా పల్లం గట్టు. మా తాత ఎర్రమొరం ఏసి కట్టినాడు. ఏనుగు నడిసినా దిగదు."

అక్కడ గట్టూ లేదు, పల్లమూ లేదు. అంతా ఒకే చదును. ఆ గట్టు మొరం ఎప్పుడో తవ్వి పట్టుకుపోయి, ఆ గోతిలో వదులు మట్టి నింపేశారు. అది అతను చూడలేదు, ఎవరూ చెప్పలేదు. గట్టు ఎలా వంపు తిరిగి ఉండేదో అలాగే స్టీరింగు తిప్పుతూ తోలుకుపోయాడు. ముందు చక్రాలు మెత్తగా దిగాయి. వెనక్కి తియ్యబోతే వెనకవీ దిగాయి.

జగ్గారావు కంగారు పడలేదు. గోనెసంచులు భుజాన వేసుకుని, కొక్కెం చేత పట్టుకుని దిగి నడిచాడు. నేను డ్రమ్ము దగ్గర నిలబడి రోపు వదులుతున్నాను. రోపు పోతోంది, అతను పోతున్నాడు. మోకాలి లోతు బురదలో నడిచి నడిచి ఒక చోట ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగాడు. వానలో ఎర్రటి చదును తప్ప ఏమీ లేదు. అతను ఆ కొక్కెం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. నాకు పరిగెత్తుకెళ్లి అతన్ని పట్టుకోవాలనిపించింది.

ఇద్దరం కలిసి స్టెపినీ చక్రాన్ని గోతిలో పాతి, దానికి కొక్కెం తగిలించి లాగాం. వదులు మట్టిలోంచి చక్రం ఊరికే పైకొచ్చేసింది. ఇంకా లోతుగా పాతాం. మళ్లీ వచ్చింది. నేను బిగించిన వించి ఆ రోజు చక్కగా తిరిగింది. ఒక్క బోల్టు కదల్లేదు. లాగడానికి ఎదురుగా నిలబడేది ఏదీ లేదు. సాయంత్రానికి ఇంజనులోకి నీళ్లు వెళ్లి ఆగిపోయింది.

నేల ఆరాక బుల్డోజరు పెట్టి తీయిస్తానని భీమశంకరరావు మాట ఇచ్చాడు. ముసురు ఎన్నాళ్లకీ వదల్లేదు. ఎండ కాసేనాటికి బండి బానెట్టు దాకా కూరుకుపోయి, చుట్టూ మట్టి గట్టిపడిపోయింది. బుల్డోజరు ఒక్క లాగు లాగింది. వించితో సహా ఛాసిస్ ముందు కొస విరిగి వచ్చింది. మిగతా బండి అక్కడే ఉండిపోయింది. "ఒక తుక్కు లారీ కోసం పని ఆపుతామా?" అని భీమశంకరరావు టిప్పర్లతో దాని మీద మట్టి పోయించాడు. జగ్గారావు ఒడ్డున నిలబడి చూశాడు. క్యాబిన్ పైకప్పు కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు. అది అతని పల్లం. అతని బండి కూడా దాని కిందే పోయింది.

బండి లేదు కాబట్టి పాసు తీసేసుకున్నారు.

వించిని నా షాపులో కొన్నాళ్లు ఉంచాను. అమ్మెయ్ బావా, అన్నాడు. అమ్మేశాను. అతను గాజువాక దగ్గర ఒక సిమెంటు గోడౌనులో బస్తాలు మోశాడు. మాటలు తగ్గిపోయాయి. గౌరీశ్వరి దెబ్బలాడటం కూడా మానేసింది. ఆమె దెబ్బలాటే నయమనిపించేది నాకు.

అయిదారేళ్లకి ఫ్యాక్టరీ చిమ్నీలు లేచాయి. పైపుల కోసం లోపల తవ్వుతుంటే ఏదో పాత లారీ ముక్క బయటపడిందని ఎవరో పుకారు మోసుకొచ్చారు. జగ్గారావు ఉతికిన చొక్కా వేసుకుని నా షాపుకొచ్చాడు.

"నాదే అవుతాది బావా. ఒకపాలి సూసొద్దాం."

వద్దంటే వినడని తెలుసు. ఇద్దరం బస్సెక్కి గేటు దగ్గర దిగాం. కాపలా ఉన్నది కుర్రాడు, వేరే జిల్లావాడు. మర్యాదస్తుడు.

"పాసు ఉందాండీ?"

"లేదు బాబూ. లోపల నా బండి దొరికిందంట."

"మీది ఏ కంపెనీ అండీ?"

"కంపెనీ కాదు. మాది నీలమ్మపాలెం."

కుర్రాడు కొంచెం ఆలోచించాడు. "ఏ రూట్లో వస్తుందండీ ఆ ఊరు? నేను కొత్తగా వచ్చాను."

"లోపలే బాబూ. ఇదే."

నవ్వుతాడేమో, కసురుతాడేమో అని నేను ముందుకొచ్చాను. అతను రెండూ చెయ్యలేదు. కంచె వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఎటువైపు ఉండేదండీ?"

జగ్గారావు చెయ్యెత్తాడు. చిమ్నీల వైపు చూపించబోయి ఆగాడు. చేతిని కొంచెం కుడికి జరిపాడు, మళ్లీ ఎడమకి తెచ్చాడు. వంపులతో సహా గట్టు గుర్తున్న మనిషి, ఆ షెడ్ల మీదుగా, పైపుల మీదుగా, రోడ్ల మీదుగా చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత చెయ్యి దించేశాడు.

"తెలీడం లేదు బాబూ," అన్నాడు.