మావయ్య రక్తంలో తుప్పు

పని బాగా కుదిరిన రోజున పంపుల మావయ్య ఎవరికీ చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోతాడు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. నీళ్ళ పంపు బాగుచేశాక స్క్రూడ్రైవర్ మొన పంపుకీ, పిడి తన చెవికీ ఆనించి వింటాడు. చప్పుడు నచ్చకపోతే కదలడు. నచ్చిందా, ఇంటివాళ్ళు టీ తెచ్చేసరికి మనిషి ఉండడు.

అరవయ్యో ఏట ఆయన గుండెలో లోహపు కవాటం పెట్టారు. పక్కన కూర్చుంటే టిక్కుటిక్కుమని వినిపించేది.

"ఈయన అబద్ధమాడితే టిక్కులు పెరుగుతాయి. ఇక నాకు బెంగలేదు" అనేది అత్తయ్య.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, మొహం సున్నం కొట్టినట్టు తెలుపు. రక్తం తగ్గిందని వీధి చివరి డాక్టరు ఇనుము మాత్రలిచ్చాడు. పొద్దున్నే మూత్రం డికాషన్ రంగులో వస్తున్నా మావయ్య కంగారుపడలేదు.

"ఇనుము మింగుతున్నాను కదే, తుప్పు దిగుతోంది."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది. మీరేమైనా గొట్టమా?"

నెలన్నర ఆ తుప్పునే నమ్మాడు. చివరికి రెంచి తిప్పినా కళ్ళు తిరగసాగాయి. అప్పుడు పంపు దగ్గర చేసే పనే చేశాడు. అనుమానమున్న కుళాయిని కట్టేసి చూడటం. వారం రోజులు మాత్రలు మానేశాడు. రంగు మారలేదు. మూత్రం సీసాలో పట్టుకెళ్ళి గుండె డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు.

"ఇది తుప్పు కాదమ్మా. కవాటం పక్కన సందు పడింది. సన్నటి సందులోంచి జోరుగా తోస్తే ఏదైనా చిరుగుతుంది. నా రక్తం చిరుగుతోంది."

ఆవిడ నవ్వలేదు. మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు చింపిన కాగితం ముక్కల్లా కనిపించాయి. ఎకో పరీక్షలో, కవాటం అంచున కుట్టు వదిలిన చోట సందు తేలింది.

"మళ్ళీ ఛాతీ కోస్తారా?" అంది అత్తయ్య. "ఈసారి తట్టుకోలేరమ్మా."

"ముందు తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ సందుకు బిరడా వేస్తాం. కుదరకపోతే మాత్రం కోయాల్సిందే."

"కుదురుతుంది. బిరడా సైజు సరిగ్గా చూసుకోండి, చాలు" అన్నాడు మావయ్య, కొత్త పనివాడికి చెప్పినట్టు.

బిరడా వేసిన రెండు నెలలకు మళ్ళీ పరీక్షలు చేశారు. రక్తం పెరిగింది, రంగు తేటపడింది. మావయ్య మాత్రం డాక్టరమ్మ స్టెతస్కోపు అడిగి తీసుకుని, తన ఛాతీకి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

ఆవిడ మళ్ళీ రావలసిన తేదీ రాసి తలెత్తింది. స్టెతస్కోపు బల్లమీదుంది. కుర్చీ ఖాళీ.

"ఆ కాగితాలు ఇటివ్వండమ్మా" అంటూ అత్తయ్య లేచింది. "ఈపాటికి ఆయన గేటు దాటి ఉంటారు."