తలుపు మీది ఫొటో

మా ద్ర్యానోవో ఊళ్ళో మనిషి పోతే చర్చి గంట కంటే ముందు నా అచ్చు మిషను మోగుతుంది. నల్ల అంచు కాగితం మీద పోయినవాళ్ళ ఫొటో, కింద పేరు, వయసు వేసి ఇస్తాను. ఇంటివాళ్ళు వాటిని తమ తలుపుకీ, చర్చి గోడకీ, కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. ఫొటోలన్నీ ఒకటే తీరు, మెడ నిటారుగా, చూపు సూటిగా. రొట్టె కొనుక్కురావడానికి వెళ్ళినా చచ్చినవాళ్ళు దారి పొడుగునా మనల్నే చూస్తుంటారు.

మా పక్కింటి స్తొయ్‌మెన్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. మెడలో ఎప్పుడూ ఒక పాత రష్యన్ కెమెరా, అందులో నలుపు తెలుపు రీలు. మనవరాలు జ్లాటినాకి ఆరేళ్ళు, దాని తమ్ముడు బొగొమిల్‌కి నాలుగు. వాళ్ళు కోళ్ళను తరుముతుంటే, ప్లమ్ చెట్టెక్కి పోట్లాడుకుంటుంటే, ఈయన కట్టెల మోపు వెనక నక్కి ఫొటోలు తీసేవాడు. స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, చీకటి చేసి ఫొటోలు తనే కడిగేవాడు. ఆ పూట ఇంట్లో ఎవరికీ స్నానం ఉండేది కాదు. ఎగిరే జుట్టు, దోక్కుపోయిన మోకాళ్ళు, పరుగెత్తే వీపులు, అన్నీ బ్రహ్మాండంగా వచ్చేవి. పిల్లలు ఇటు తిరిగితే మాత్రం చటుక్కున కెమెరా దించేసేవాడు.

ఆయన భార్య గానాకి ఒళ్ళు మండేది.

"ఏవయ్యా, పిల్లకి ముఖమే లేదా? తెల్ల రిబ్బను కట్టి స్టూడియోకి తీసుకెళ్దామంటే వినవు."

"నిలబెట్టి తీస్తే అది గుర్తింపు కార్డే. ఆడుకుంటున్నప్పుడే పిల్ల పిల్లలా ఉంటుంది."

"నీ బొంద! చుట్టాలొస్తే ఏం చూపించను, దాని వీపా?"

మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. పెద్ద కళాకారుడు బయల్దేరాడని నేనూ ఎగతాళి చేసేదాన్ని.

మార్చిలో జ్లాటినాకి జ్వరం వచ్చి మెదడుకెక్కింది. పట్నం ఆసుపత్రి నుంచి దాని తల్లి రుమ్యానా పిల్ల బూట్లు చంకలో పెట్టుకుని దిగింది. మర్నాడే పాతిపెట్టాలి. ఆ లోపు కాగితం తలుపెక్కాలి.

స్తొయ్‌మెన్ అట్టపెట్టెల నిండా ఫొటోలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు. రుమ్యానా, గానా, నేను ఒక్కొక్కటే తిరగేశాం. చెవి ఉంది, చెంప ఉంది, గాల్లో కాళ్ళున్నాయి. ముఖం లేదు.

"ముఖం లేకుండా నా తల్లిని ఎలా సాగనంపను?" గానా గుండెలు బాదుకుంది. "ఇప్పుడు చల్లగా ఉందా నీకు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కళా లేదు, గిళా లేదు, దోనా," అన్నాడు నాతో. "భయం. సూటిగా చూసే ఫొటోలే కదా తలుపెక్కేవి. అసలు తీయకపోతే చావు మా తలుపు జోలికి రాదనుకున్నాను."

నాకు ఆయన మీద కోపం రావలసింది, రాలేదు.

"ఒకటుంది," అన్నాడు కాసేపటికి. "మీట నొక్కేసరికి ఇటు తిరిగింది. రీల్లో చూసి హడలిపోయి, ఆ ముక్క కత్తిరించి దాచేశాను. పారేయడానికి చేతులు రాలేదు."

అందరం వాళ్ళింటికి వెళ్ళాం. మళ్ళీ స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టాడు. తడి కాగితం చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. బట్టల తొట్టిలో జ్లాటినా. తాత దొరికిపోయాడన్న సంబరంతో కళ్ళు ఇంతలేసి చేసి, నాలుక బారెడు బయటపెట్టి, సూటిగా మమ్మల్నే చూస్తోంది.

"నాలుక బయటపెట్టుకునా?" గానా అదిరిపడింది. "ఊరు నవ్విపోదూ?"

"నవ్వనీ అమ్మా," అంది రుమ్యానా. "అది మన వైపు చూసింది ఇందులోనే. ఇదే వెయ్యి, దోనక్కా."

వేశాను. ఇన్నేళ్ళలో మిషను ముందు ఏడవని నేను, ఆ రోజు మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు శవపేటిక కోసం అందరం వాళ్ళ వాకిట్లో నిలబడ్డాం. బొగొమిల్ తలుపు మీది అక్కని చూసి తనూ నాలుక బయటపెట్టాడు. కాసేపు అలాగే ఎదురుచూశాడు. తర్వాత ఆ కాగితం పక్కన తలుపుకి వీపు ఆనించి, చేతులు కిందికి పెట్టుకుని, గడ్డం పైకెత్తి నిటారుగా నిలబడ్డాడు.

"తాతా, నన్ను కూడా తీసి అక్క పక్కన అంటించు."

స్తొయ్‌మెన్ ఒక్క అంగలో వెళ్ళి, రెండు అరచేతులతో వాడి ముఖం మూసేశాడు.