అక్క ఫోన్లో ఇంగ్లీషు పేజీ

ఆదోనిలో నేనొక్కదాన్నే ఉంటాను. పత్తి మండీవాళ్లకు వెబ్‌సైట్లు చేసి పెడతాను. పని ఇంట్లోనే, సావాసం కంప్యూటర్‌తోనే. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఒక్కతే, పొద్దున ఏడింటికి ఫోన్ చేసే మా అక్క.

అక్కది ఎమ్మిగనూరు పక్క పల్లె. మూడో తరగతితో బడి మానేసింది. ఒక మండీకి రోజువారీ ధరల సైటు చేసినప్పుడు ఆ తెలుగు పేజీ లింకు ఊరికే ఆమెకు పంపాను. అప్పటినుంచి రోజూ స్పీకర్ పెట్టి, ఆ పేజీ తెరిచి, పైకి చదివి వినిపించేది. పత్తి, వేరుశనగ, ఆముదాలు. తడబడితే దిద్దేదాన్ని. నిజానికి ఆమెకు ఆ ధరలతో పనే లేదు, వేసింది రెండెకరాల కంది. చదవడం మీద ఆశ, అంతే.

తర్వాత ఆ మండీ షావుకారు కన్నడం, ఇంగ్లీషు కూడా పెట్టమన్నాడు. నేను తెలివి చూపించాను. ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాష పేజీకి దానంతటదే పోయేలా చేశాను. పాత తెలుగు లింకు నొక్కినా అటే పోయేలా శాశ్వతంగా దారి మళ్లించాను. మా వైపు ఫోన్లన్నీ అంగడివాడు ఇంగ్లీషులో పెట్టిచ్చినవే, ఎవరూ మార్చుకోరు. ఆ సంగతి నాకు తెలియనిదా? తట్టలేదు. భాష మార్చుకునే చోట ‘తెలుగు’ అన్న మాటను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

మరుసటి రోజు అక్క ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాకు కోపమొచ్చింది. పెద్దది, తనే చేయాలి అని బిగుసుకు కూర్చున్నాను. మూడు వారాలు. పాలవాణ్ని నిలబెట్టి అక్కరలేని మాటలు కలిపేదాన్ని, అంతకు దిగాను. చివరికి నేనే చేశాను.

“అంతా ఇంగ్లీషు వస్తాంది పాపా,” అంది. “నాలాంటోళ్లకు వద్దని నువ్వే మార్చినావేమో అనుకుంటి. అడిగితే నవ్వుతావని ఊరుకుంటి.”

ఆ పూటే సరిచేశాను. తెలుగు లింకు తెలుగుకే పోతుంది, మనిషి మార్చితే తప్ప భాష మారదు, ఏ భాష పేరు ఆ భాష అక్షరాల్లోనే ఉంటుంది. అయినా అక్క ఫోన్లో ఇంగ్లీషే. శాశ్వతమని నేను చెప్పిన దారిని ఆ ఫోన్ గుర్తుపెట్టేసుకుంది. అది తుడవాలంటే ఫోన్ నా చేతికి రావాలి. బస్సెక్కాను.

ఇంటికి పోయేసరికి అక్క పక్కన ఒక పిల్ల కూర్చొని ఉంది. పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు, డిగ్రీ చదివిందట. ఈ మూడు వారాలూ రోజూ పొద్దున్నే వచ్చి ఆ ఇంగ్లీషు పేజీ చదివి చెప్తోందట. భాష మార్చుకునే చోటు ఆమె కంటా పడలేదట. నేను ఫోన్లో పాత గుర్తులు తుడిచి, లింకు తెరిచి ఇచ్చాను. అక్క గడగడా చదివింది, ఆ పిల్ల వైపు తిరిగి. ఒక్క తప్పు లేదు.

“రేపట్నుంచి నేనే నీకు సదివి ఇనిపిస్తా సూడు,” అంది ఆమెతో.

మనసారా సంతోషించాను. అసూయ కూడా పడ్డాను, దాచుకోవడమెందుకు.

తెల్లారి ఏడింటికి ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. రెండు నిమిషాలకు అక్క ఊరి నుంచి ఆ లింకు తెరుచుకున్నట్టు నా కంప్యూటర్లో కనబడింది. తెలుగు పేజీ, ఎక్కడికీ మళ్లకుండా. చాలాసేపు తెరిచే ఉంది. నా ఫోన్ మాత్రం మోగలేదు.