రెండు మీటర్లు ఎక్కువైన రెక్క

ఒక మనిషికి ఒక్క వాక్యం చెప్పాలని సముద్రంలోకి బయలుదేరి, ఆ వాక్యం సగంలో ఉండగానే పక్క ఊరి వాళ్ల వల దగ్గర తేలిన ఫిజిక్స్ లెక్చరరు ఈ జిల్లాలో నాకు తెలిసినంతవరకూ ఒక్కడే. ఆయన్ని నవ్వులపాలు చేయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆయన నేనే కాబట్టి. ఆ రోజు నన్ను ముంచింది నీళ్లు కాదని కూడా ముందే మనవి చేస్తున్నాను. గుడ్డ ముంచింది. అవసరానికి మించి రెండు మీటర్లు ఎక్కువైన గుడ్డ.

మాది ఉదయగిరి. కొండ, కోట, కొయ్య గరిటెలు, ఎండ, ఇవన్నీ మాకు పుష్కలం. సముద్రం మాత్రం దూరపు బంధువు. ఉందని తెలుసు, రాకపోకలు లేవు. అలాంటి ఊళ్లో పుట్టి, ఎమ్మెస్సీ చదివి, ఆత్మకూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు బలాలూ వేగాలూ బోధిస్తూ మర్యాదగా బతుకుతున్న నాకు ఈ ఆట అంటించినవాడు శీనయ్య. ఆత్మకూరు బజారులో వాళ్లది హోల్‌సేల్ కిరాణా కొట్టు. ఒక మధ్యాహ్నం కందిపప్పు బస్తాల మీద వెల్లకిలా పడుకుని ఫోనులో ఎవడో నీళ్ల మీద ఎగురుతుంటే చూశాడు.

"రేయ్ జయరాజూ, ఇట్ట మనం గూడా ఎగరాలబ్బా."

"మనకు బస్సు ఎక్కడమే సరిగా రాదు," అన్నాను.

నా మాటకు వాడిచ్చిన విలువ ఏమిటంటే, కొన్నాళ్లకే చెన్నై నుంచి సామాను దిగింది.

ఈ ఆట చూడనివారి కోసం నాలుగు ముక్కలు. దీన్ని వింగ్ ఫాయిలింగ్ అంటారు. ఒక బోర్డు మీద నిలబడాలి. బోర్డు అడుగున నిలువుగా ఒక కాడ, కాడ చివర బొమ్మ విమానానికున్నట్టు చిన్న రెక్కలు. అది ఫాయిల్. చేతుల్లో గాలి కొట్టిన పెద్ద గుడ్డ రెక్క ఉంటుంది, పట్టుకోవడానికి ముందొకటి వెనకొకటి పిడులుంటాయి, దారం లేని గాలిపటం అనుకోండి. గాలి రెక్కను లాగుతుంది, రెక్క మనల్ని లాగుతుంది, వేగం అందుకోగానే ఫాయిల్ బోర్డును నీళ్ల మీదికి ఎత్తేస్తుంది. ఆ తర్వాత చప్పుడు ఉండదు. నీళ్లకు పైన, ఆకాశానికి కింద, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఎత్తులో మనం ఉంటాం.

చేతి రెక్కలు రకరకాల సైజుల్లో దొరుకుతాయి. మూడు మీటర్లు, నాలుగు, ఐదు, ఆరు. నిజానికి అవి చదరపు మీటర్లు, కానీ గాలిలో ఉన్నప్పుడు అంత పొడుగు మాట ఎవరూ అనరు. గాలి మందంగా ఉంటే పెద్ద రెక్క, జోరుగా ఉంటే చిన్న రెక్క. విద్య అంతా ఇంతే. ఇంత చిన్న విద్యలో ఇంత పెద్ద తప్పు చేయాలంటే ఎమ్మెస్సీ ఉండాల్సిందే.

మేం నేర్చుకున్నది సోమశిల జలాశయం నీళ్లలో. అక్కడ అలలు లేవు. గాలి కూడా మా కాలేజీ గుమస్తాలాగా, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అందుకని ఎప్పుడూ ఆరు మీటర్లదే పట్టుకునేవాణ్ని. పెద్దది పట్టుకుంటే లేచాను, చిన్నది పట్టుకుంటే మునిగాను. దీన్నుంచి నేనొక సిద్ధాంతం చేసుకున్నాను. ఆ సిద్ధాంతానికి ఇంటి నుంచి కూడా మద్దతు ఉండేది. మా అమ్మ నాకెప్పుడు చొక్కా కొన్నా ఒక సైజు పెద్దదే తీసేది. "ఉండనీలే, ఎదుగుతాడు" అనేది. ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న చొక్కాలో కూడా ఇంకొక చిన్న లెక్చరరుకు చోటుంది.

సోమశిల చాలదని శీనయ్య ఆదివారాలు సముద్రానికి బయలుదేరదీశాడు. మైపాడు పక్కన జనం పెద్దగా రాని తీరం. అక్కడ కనిపించింది ఎస్తేరు.

ఆమెది వింజమూరు. నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం. ఆదివారం పొద్దున ఆమె వింజమూరు చర్చిలో, నేను ఉదయగిరి చర్చిలో ప్రార్థన ముగించుకుని సాయంత్రానికి అదే ఇసుక మీదికి చేరేవాళ్లం. నా ప్రార్థనలో ఆమె ఉండేది. ఆమె ప్రార్థనలో ఎవరుండేవారో అడిగేంత చనువు లేదు.

ఆమె అల మీద వచ్చే తీరు చెప్పకపోతే నా మూర్ఖత్వానికి తగిన కారణం మీకు దొరకదు. దూరంగా నీళ్లు ఉబ్బుతాయి. ఆమె ఆ ఉబ్బు ముందుకు జారి, రెక్క వెనక పిడి వదిలేసి, ముందు పిడిని మాత్రం వేళ్లతో పట్టుకుంటుంది. అప్పటిదాకా లాగుతున్న రెక్క ఒక్కసారిగా సాధువైపోయి, దూడలాగా ఆమె వెనకాలే వస్తుంది. ఇక ఆమెను అల మోస్తుంది. అల ఎటు వంగితే ఆమె అటు వంగుతుంది. ఆ కాసేపు ఆమెకు గాలి అక్కర్లేదు, రెక్క అక్కర్లేదు, ఒడ్డున నోరు తెరుచుకుని నిలబడ్డ లెక్చరరు అసలే అక్కర్లేదు.

నేను మాత్రం ప్రతి ఆదివారమూ తొలి నురగలోనే పడేవాణ్ని. అలలు విరిగే చోటు దాటితే అవతల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఆమె అక్కడ బోర్డు మీద కూర్చుని మంచి అల కోసం ఎదురుచూసేది. మాట్లాడాలంటే అదే చోటు. ఒడ్డున శీనయ్య ఉంటాడు. శీనయ్య ఉన్నచోట రెండో మనిషికే మాట దక్కదు, మూడో మనిషి సంగతి మీరే ఊహించుకోండి.

అట్లా ఒక వేసవి దాదాపు గడిచింది. ఒక సాయంత్రం ఆమె రెక్కలో గాలి తీస్తూ అంది:

"సార్, నాకు విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వచ్చే ఆదివారమే ఈడ ఆఖరు."

వెళ్లొద్దనాలనిపించింది. బయటికి నేనన్న మాట ఇది: "అక్కడ గాలి బాగుంటుందట."

ఆమె రెక్క మడిచింది. "గాలి యాడైనా ఉంటాది సార్. ఈసారన్నా అలల అవతలికి రండి. ఇన్నాళ్లాయె, ఒడ్డున మనకి రెండు మాటలు కుదరలేదు."

ఆ వారమంతా క్లాసులో బోర్డు మీద సమీకరణాలు రాస్తూ లోపల ఒక వాక్యం తయారు చేసుకున్నాను. కొట్టివేతలన్నీ పోగా మిగిలింది ఇది: "ఎస్తేరు గారూ, మీరు ఎక్కడ ఉంటే ఆదివారాలు నేనూ అక్కడే ఉంటాను, మీకు అభ్యంతరమా?" కొంచెం పొడుగే. కానీ అలల అవతల తీరిగ్గా చెప్పొచ్చు కదా అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. దక్షిణపు గాలి ఇసుకను లేపి పిక్కల మీద చురుక్కుమనిపిస్తోంది. శీనయ్య సంచి విప్పాడు.

"నాలుగు మీటర్లది తీస్తా ఉండా."

"ఆరు తియ్యి."

"ఆరా? ఏందిరా, మతి ఉండే మాట్లాడతా ఉండావా? ఈ గాలికి ఆరు పట్టుకుంటే ఒంగోల్లో దిగతావు."

"అలలు దాటాలంటే బలం కావాలి. రెక్క వైశాల్యం పెరిగితే బలం పెరుగుతుంది. సూత్రం."

"గాలి పెరిగినా పెద్దదే పట్టుకోమని ఏ సూత్రంలో ఉండాది?"

"నీకు కందిపప్పు తెలుసు. నాకు ఫిజిక్స్ తెలుసు."

"సరే పో నాయనా. ఉప్పునీళ్లు మాత్రం శానా తాగబాక."

అప్పటికే నీళ్లలో మోకాలి లోతున ఉన్న ఎస్తేరు నా చేతిలోని ఆరు మీటర్ల గుడారాన్ని చూసింది.

"సార్, అది సోమశిలకి సరిపోద్ది. ఈడ అల గూడా తోస్తాది. రెక్క చిన్నది ఉంటేనే మాట వింటాది."

విన్నాను. అర్థం కూడా అయింది. కానీ ఈ రోజు నురగలో పడితే ఇక ఆమెను చేరే రోజు లేదు. అవసరం అంత పెద్దదైనప్పుడు రెక్క చిన్నది ఎందుకుండాలని నా గుండె వాదించింది. గుండె ఎమ్మెస్సీ చేయలేదు. చేసినవాడు దాన్ని అడ్డుకోలేదు.

ఇక్కడ మీరు ఊహించనిది ఒకటి జరిగింది. నేను అలలు దాటాను. దాటడమంటే మామూలుగా కాదు, ఆరు మీటర్ల రెక్క నన్ను పిల్లి తన పిల్లను మెడ పట్టుకున్నట్టు పట్టుకుని, నురగ మీద నుంచి ఎత్తి అవతల పడేసింది. వేసవంతా నేను కలగన్న నీళ్లు అవే. ఎదురుగా ఎస్తేరు, బోర్డు మీద కూర్చుని, నా వైపే చూస్తూ, నవ్వుతూ.

చిక్కు ఒక్కటే. నేను ఆగలేదు.

"ఎస్తేరు గారూ!" అని అరిచాను. "మీరు ఎక్కడ..."

"ఈడే ఉండా కదా సార్!" అని ఆమె అంటుండగానే ఆమెను దాటిపోయాను.

చాలా దూరం పోయాక ఎలాగో పడి, లేచి, తిరిగాను. రెండోసారి ఆమె వైపు వస్తున్నాను. ఈసారి వాక్యం మొదటి నుంచి మొదలుపెట్టే వ్యవధి లేదని, వదిలిన చోట నుంచి అందుకున్నాను.

"ఉంటే ఆదివారాలు నేనూ..."

"సార్, వెనక పిడి వదిలేయండి!"

"వదిలితే మీ దగ్గరికి రాలేను!"

"పట్టుకున్నా రావట్లేదు గదా సార్!"

నా జీవితంలో విన్న అత్యంత నిజమైన మాట అదే. దానికి జవాబు చెప్పే లోపల నా వెనక నీళ్లు ఉబ్బాయి. అల. వేసవంతా నేను ఆశపడ్డ అల, ఎస్తేరును మోసే అల, మొదటిసారి నన్ను కూడా ఎత్తుకుంది. రెక్క ముందుకు లాగుతోంది, అల వెనక నుంచి తోస్తోంది. నా లెక్కలో ఉన్నది గాలి ఒక్కటే, అల లేదు. ఇద్దరు బలవంతులు ఒక మనిషిని ఒకే వైపుకు తోస్తే ఏమవుతుందో నేను ఏటా పిల్లలకు చెబుతాను. పరీక్షలో కూడా అడుగుతాను. ఆ రోజు ఆఖరి క్షణంలో వేళ్లు విప్పి వెనక పిడి వదిలాను. ఆరు మీటర్లు గదా, దూడలా వెనకాల రాలేదు. ముక్కుతాడు తెగిన ఎద్దులా కొట్టుకుంది. దాని కొస నీళ్లను తాకింది. నేను దాని మీదుగా దొర్లాను. తర్వాత ఏది పైనో ఏది కిందో సముద్రమే నిర్ణయించింది.

రెక్కకూ నా నడుముకూ తాడు, బోర్డుకూ నా కాలికీ తాడు. ఇద్దరూ నన్ను పంచుకుని ఉత్తరం వైపు ఈడ్చుకుపోయారు. తల పైకి లేచినప్పుడల్లా ఎస్తేరు ఇంకొంచెం చిన్నదిగా కనిపించింది.

చివరకు ఒడ్డు నుంచి ఎవరివో కేకలు వినిపించాయి. జనం వల లాగుతున్నారు, నా రెక్క వెళ్లి ఆ వల తాడుకు చుట్టుకుంది, వలతోపాటు నేనూ ఒడ్డుకు చేరాను. ఒక ముసలామె చీర కుచ్చెళ్లు దోపుకుని వచ్చి నన్ను వంగి చూసింది.

"ఏందబయా ఇది? షామియానానా?"

"రెక్కమ్మా."

"ఎగరను తెచ్చుకున్నావా?"

"అవును."

"మరి ఎగరలేదే?"

"ఎగిరినానమ్మా. ఆగడమే కుదర్లేదు."

"చేపలు రాకపోతే పోయె, ఈయనొచ్చె," అందామె వెనక్కు తిరిగి. వల లాగుతున్నవాళ్లు తాడు వదలకుండానే నవ్వారు. అంత పనిలో కూడా నవ్వడానికి తీరిక చేసుకున్నందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఇసుక మీద నుంచి శీనయ్య బండి వేసుకుని వచ్చాడు. "ఒంగోలు దాకా పోలేదే, ఈడే దిగినావా?" అన్నాడు. అదే సమయంలో నీళ్ల మీద నుంచి ఎస్తేరు వచ్చింది. ఒక చిన్న అల మీద, రెక్కను వేళ్లతో పట్టుకుని, చప్పుడు లేకుండా. బోర్డు దిగి, నీళ్లు కారుతూ, నా ముందు నిలబడింది.

"దెబ్బలేమన్నా తగిలినాయా సార్?"

"లేదండీ."

"ఏందో చెప్పబోయినారు. రెండుసార్లు."

ముసలామె వింటోంది. వల లాగేవాళ్లు వింటున్నారు. శీనయ్య, పుట్టినప్పటి నుంచి మొదటిసారి, నోరు మూసుకుని వింటున్నాడు. వాక్యం మొత్తం, ఒక్క మాట కూడా పోకుండా, నా గొంతులో సిద్ధంగా ఉంది. దాంతోపాటు చాలా ఉప్పునీరు కూడా ఉంది.

"మీ రెక్క ఎన్ని మీటర్లు?" అన్నాను.

ఆమె చెవి మీద నుంచి తడి జుట్టు వెనక్కు తోసుకుంది.

"మూడున్నర," అంది. "అదేనా సార్ అడగాల్సింది?"

"అదే."

"సరే సార్," అని రెక్క తలకెత్తుకుని తడి ఇసుక మీద దక్షిణంగా నడిచి వెళ్లిపోయింది. ఎదురుగాలికి ఆ రెక్క కొంచెం కూడా కదల్లేదు.

ఇప్పుడు నేను పట్టుకునేది నాలుగు మీటర్ల రెక్క. అలలు దాటడం వచ్చింది, ఆగడం కూడా వచ్చింది. ఆదివారాలు అవతల నెమ్మది నీళ్లలో బోర్డు మీద కూర్చుంటాను. మాట్లాడుకోవడానికి నిజంగానే అనువైన చోటు. ఎంత పొడుగు వాక్యమైనా చెప్పొచ్చు. అప్పుడప్పుడు విశాఖపట్నం నుంచి ఫోనులో ఒక సందేశం వస్తుంది, "ఈ రోజు గాలి బాగుంది సార్" అని. చాలాసేపు ఆలోచించి, ఎన్నో రాసి, అన్నీ చెరిపేసి, "ఎన్ని మీటర్లు?" అని పంపుతాను. "మూడు" అని వస్తుంది. ఒకసారి "మూడున్నర" అని వచ్చింది. ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను, ఎందుకో అడగకండి.

కాబట్టి, నేనిది రాస్తూ కూర్చున్న ఆత్మకూరు బస్టాండులో వేచి ఉన్న తోటి ప్రయాణికుల సాక్షిగా, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట రెక్కను గాలిని చూసే ఎంచుకుంటాను, మనిషిని చూసి కాదు. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. అలల అవతల ఇప్పుడు చూడటానికి ఉన్నది గాలి ఒక్కటే.